చెన్నై ఇంటి గేటుకు మోటారు: ముందు తీగ, తరువాతే యంత్రం

డాలస్‌కు వచ్చి రెండేళ్లయిందనీ, అంబత్తూరులో ఉంటున్న మీ నాన్నగారు కారు బయటికి తీసిన ప్రతిసారీ దిగి బరువైన ఇనుప గేటు తోయవలసి వస్తున్నదనీ, దీపావళికి వెళ్లేటప్పుడు ఇక్కడి గేటు మోటారు ఒకటి పెట్టెలో పెట్టుకొని వెళ్లి మీరే బిగించాలనుకుంటున్నారనీ రాశారు. దయచేసి తీసుకొని వెళ్లవద్దు. ఈ విషయంలో నేను చేతులు కాల్చుకున్నవాణ్ణి కనుక, కొంచెం వివరంగా చెబుతాను.

నేను న్యూజెర్సీకి వచ్చింది 1999లో. మా నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి, కొరటూరులో ఇల్లు కట్టుకున్నారు. రెండు రెక్కల గేటు, ఒక్కొక్క రెక్క ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. 2009లో ఇక్కడ ఒక దుకాణంలో తగ్గింపు ధరకు 700 డాలర్లకు మోటార్ల జత కనిపించింది. అప్పుడు డాలరు 48 రూపాయల దగ్గర ఉంది, అంటే 33,000 పైమాటే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని సంవత్సరం అది. అయినా చెన్నైలో కొనడం కంటే ఇదే చవక అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్కలో వస్తువు ధర ఒక్కటే ఉంది. కొత్తగా వచ్చినవారందరూ ఇలాగే లెక్క వేస్తారు, మీరూ వేశారని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తున్నది.

ఇక్కడి సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు 60 ఆవృత్తాలు తిరుగుతుంది. చెన్నైలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సరిపోతుందనుకున్నాను, 110 వోల్టులు ఇచ్చేది రిచీ స్ట్రీట్‌లో దొరికింది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. ఆ మోటారు వేగం హెర్ట్జ్‌ను బట్టి ఉండేది కనుక ఆరో వంతు తగ్గింది, అది పెద్ద నష్టం కాదు. అసలు నష్టం వేడి. 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చుట్టిన తీగచుట్టకు 50 హెర్ట్జ్ దగ్గర 100 వోల్టులు మించి ఇవ్వకూడదు, నేను 110 ఇచ్చాను. దానికి తోడు మధ్యాహ్నం ఎండ నేరుగా పడే గోడకు బిగించిన రేకు డబ్బా. మూడో నెలలో మోటారును నడిపించే కంట్రోల్ బోర్డు కాలిపోయింది. ఆ బోర్డు చెన్నైలో ఎక్కడా దొరకలేదు, ఇక్కడి నుంచి తెప్పిస్తే బోర్డు ధరకు దీటుగా రవాణా ఖర్చు అయింది, అది కూడా మరుసటి ఎండాకాలం దాటలేదు.

రెండో పొరపాటు తీగలది, నా దృష్టిలో ఇదే పెద్దది. మోటారుకు డబ్బు పోశానన్న బాధతో తీగల దగ్గర పొదుపు చేశాను. హాలులోని ప్లగ్ పాయింటు నుంచే కొనసాగించి, మామూలు ఇంటి తీగను సన్నని ప్లాస్టిక్ గొట్టంలో జానెడు లోతున పాతించాను. గేటుకు అడ్డం ఏదైనా ఉంటే కాంతికిరణం తెగి కనిపెట్టే ఫొటోసెల్ తీగలనూ అదే గొట్టంలో దూర్చారు. మధ్యలో అతుకు వేసి టేపు చుట్టి మట్టి కప్పారు. ఈశాన్య రుతుపవనాల వానకు ఆ అతుకులోకి నీళ్లు చేరగానే కరెంటు నేలలోకి కారితే సరఫరా ఆపే లీకేజీ బ్రేకరు, ఇంటికంతటికీ ఉన్నది ఒక్కటే, పడిపోయింది. ఎన్నిసార్లు ఎత్తినా మళ్లీ పడింది. బ్రేకరు తన పని సరిగానే చేసింది, తప్పు నాది. రాత్రి పదిన్నరకు నాన్నగారు చీకట్లో కూర్చొని ఫోను చేశారు, నాకు మధ్యాహ్నం పన్నెండు. ఆఫీసులో కూర్చొని ఏం చేయగలను? మరునాడు తవ్వి తీసినందుకు కూలి, మళ్లీ పూడ్చినందుకు కూలి, పగిలిన టైల్సుకు వేరే ఖర్చు.

2012లో మూడు వారాల సెలవు పెట్టి వెళ్లి, మొత్తం తీసివేసి కొత్తగా చేయించాను. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పెట్టుకున్నాను, పక్కన నిలబడి ప్రతి అడుగూ చూశాను. మీటరు బోర్డు నుంచి గేటుకు ప్రత్యేకంగా ఒక దారి, దానికి సొంతంగా కరెంటు మితిమీరితే ఆపే 6 ఆంపియర్ల ఎం.సి.బి., లీకేజీ వస్తే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాము. ఇప్పుడు గేటు దగ్గర లీకేజీ వస్తే గేటు ఒక్కటే ఆగుతుంది, ఇంట్లో దీపం ఆరదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు పోగుల రాగి ఆర్మర్డ్ కేబుల్ (పైన ఇనుప కవచం ఉన్నది), మధ్యలో ఒక్క అతుకు లేకుండా, అడుగున్నర లోతున వేయించాను. పీవీసీ గొట్టంలో వేసిన తీగకు అమెరికా విద్యుత్ కోడ్ సాధారణంగా అడిగే లోతు కూడా 18 అంగుళాలే. ఫొటోసెల్, బటన్ తీగలకు వేరే గొట్టం. అదనంగా ఒక ఖాళీ గొట్టం కూడా వేయించాను, తరువాత కెమెరా పెట్టినప్పుడు తవ్వకం కూలి మిగిలింది. ఎర్తింగ్ తీగ మోటారు ఒంటికి కలిసిందో లేదో మీటరు పెట్టించి కళ్లారా చూశాను. మీరూ చూడాలి, కలిపామని చెబితే నమ్మి ఊరుకోకూడదు.

యంత్రం ఎంపికకు ఒక్క పేరా చాలు. 24 వోల్టుల డీసీ మోటారు, లోపల 12 వోల్టుల బ్యాటరీలు రెండు, విడిభాగాలు చెన్నైలోనే దొరికేది తీసుకోండి. కరెంటు పోయినా కొన్నిసార్లు తెరుచుకుంటుంది. బ్యాటరీలను ఆ ఎండకు రెండు మూడేళ్లకొకసారి మార్చవలసి వస్తుంది, ఆ డబ్బు ఇప్పుడే లెక్కలో వేసుకోండి. అన్నిటికంటే ముందు గేటును ఒక్క చేత్తో తోసి చూడండి. బిగుసుకుంటే కీళ్లు బాగుచేయించాలి, ఎందుకంటే వంగిన గేటును మోయలేక మోటారు చస్తుంది, మళ్లీ ఖర్చు మీదే. కారు దిగే వాలు లోపలి వైపు ఎత్తుగా ఉంటే రెక్క నేలకు తగులుతుంది, అప్పుడు పక్కకు జరిగే గేటే మేలు. దాని పట్టాలో ఇసుక చేరకుండా ఎవరు ఊడుస్తారో కూడా ఆలోచించుకోండి. నేలలో గుంట తీసి పాతే రకం మోటార్లు చూడడానికి బాగుంటాయి గానీ, మన పేటల్లో వాననీరు నిలిచినప్పుడు ఆ గుంట బావి అవుతుంది. నేను కంట్రోల్ డబ్బాను గోడకు ఛాతీ ఎత్తున, ఎండ పడని వైపు పెట్టించాను. 2015 డిసెంబరు వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచినా ఆ డబ్బాలోకి చుక్క చేరలేదు. 2023లో మిచాంగ్ తుపాను వచ్చిన రోజున నాన్నగారే ముందుగా గేటు ఎం.సి.బి. దించి, చేత్తో తెరుచుకున్నారు.

డబ్బు మాట పక్కన పెట్టి చెప్పవలసింది ఒక్కటి ఉంది. గేటుకు అడ్డంగా ఎవరైనా ఉంటే ఆపే ఫొటోసెల్ జత మీద ఎవరినీ చేయి పెట్టనివ్వకండి. ఒకసారి సెల్ పనిచేయక గేటు మూసుకోవడం మానేస్తే, బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు ఆ రెండు టెర్మినళ్లకు చిన్న తీగముక్కతో జంపర్ వేసి, అంటే సెల్ ఉన్నా లేనట్టే చేసి వెళ్లిపోయాడు. గేటు చక్కగా మూసుకోవడం మొదలుపెట్టింది, మధ్యలో ఎవరున్నా సరే. పాలు పోసే ఆయన సైకిలు వెనక చక్రం అందులో నలిగింది, ఆయనకు దెబ్బ తగలకపోవడం మా అదృష్టం. అప్పటి నుంచి మనుషుల రాకపోకలకు పక్కన చిన్న గేటు వేరుగా పెట్టించాను. అమెరికాలో గేటు మోటార్ల భద్రతకు పెట్టిన యూఎల్ 325 ప్రమాణం ఇలాంటి రక్షణలు ఏమేమి ఉండాలో రాసి పెట్టింది, చదువుకోండి. చెన్నైలో అడిగేవారు లేకపోయినా అదే పద్ధతి పాటించండి. మోటారు సెట్టింగులలో తోపుడు బలాన్ని గేటు కదలడానికి సరిపోయేంత వరకే ఉంచమనండి.

మీకు జీతం డాలర్లలో వస్తున్నది కనుక రూపాయల ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది. వీసా కాగితం ఒకటి ఆలస్యమై రెండు నెలలు జీతం ఆగితే అప్పుడు తెలుస్తుంది, నాకు 2001లో తెలిసింది. అందుకే పనిని వాయిదాలుగా విడదీయండి. కేబుల్ పరిచి, మట్టి కప్పకముందు ఫొటోలు తీయించుకొని మొదటి వాయిదా ఇవ్వండి. మోటారు బిగించి, ఫొటోసెల్ ముందు అట్టముక్క అడ్డం పెట్టి గేటు ఆగిందో లేదో చూశాక రెండోది ఇవ్వండి. చివరి వాయిదా మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. కరెంటు తీయించి, బ్యాటరీ కూడా విప్పించి, చేతితో విడిపించే తాళంచెవిని మీ అమ్మగారి చేతికి ఇచ్చి, ఎవరి సాయమూ లేకుండా ఆవిడ గేటు తెరిచే వరకు పక్కన నిలబడండి. మా అమ్మకు మూడోసారికి వచ్చింది. ఆవిడ గేటు తెరిచాకే ఆ మిగిలిన డబ్బు ఇవ్వండి.