షే ఇంజను నమూనా వంపుల్లో బిగుసుకోవడం గురించి సమాధానం

నమస్కారం. మీరు ఇత్తడితో కడుతున్న 1:87 (అసలు దానిలో 87వ వంతు) షే ఇంజను (పక్కన ఉండే పొడవాటి తిరిగే కడ్డీ, అంటే షాఫ్టు, గేర్ల ద్వారా చక్రాలను తిప్పే ఆవిరి రైలింజను) కుడి వంపులో బిగుసుకుని పట్టా తప్పుతోందని, ఎడమ వంపులో షాఫ్టు ఊడిపోతోందని, తిన్నని పట్టా మీద కూడా కుదుపు ఉందని రాశారు. దయచేసి గేర్లను విప్పకండి. లోపం షాఫ్టులోనే ఉన్నట్టుంది.

షే ఇంజనులో షాఫ్టు కుడి పక్కన ఉంటుంది కాబట్టి, ఎడమ వంపులో అది సాగాలి, కుడి వంపులో కుదించుకోవాలి. షాఫ్టు ఇంజను మధ్యగీతకు 12 మి.మీ. దూరంలో ఉండి, ట్రక్కు (ఇంజను కింద వంపుకు తగ్గట్టు తిరిగే చక్రాల చట్రం) 10 డిగ్రీలు తిరిగితే, ఒక్కో వైపు దాదాపు 2 మి.మీ., అంటే మొత్తం 4 మి.మీ. కదలిక కావాలి. ఎఫ్రాయిమ్ షే 1881లో పేటెంటు పొందిన ఈ రకం ఇంజన్లలో, తర్వాత ఒహాయోలోని లిమా కర్మాగారం కట్టిన వాటిలో, ఆ పని చేసినది ఒకదానిలో ఒకటి జారే చదరపు షాఫ్టే. మీరు వాడిన గుండ్రని గొట్టం, మరమేకు బదులు, ఒకదానిలో ఒకటి వదులుగా దూరే రెండు చదరపు ఇత్తడి గొట్టాలు తీసుకుని, పూర్తిగా సాగినప్పుడు కూడా కనీసం 4 మి.మీ. లోపలే మిగిలేలా కోయండి.

కుదుపుకు కారణం వేరు: ఒక్కో షాఫ్టు ముక్క రెండు కొసల్లోని యూనివర్సల్ జాయింటు (షాఫ్టు వంగినా తిరగనిచ్చే కీలు) ఫోర్కులు ఒకే తలంలో ఉండాలి, లేకుంటే ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం మారుతుంది. అవి ఒకే తలంలో లేకపోతే, చదరపు గొట్టాన్ని పావు చుట్టు తిప్పి దూర్చి చూడండి.