కోరా బట్టతో సోఫా కవరు: కొలత, రంగు, కుట్టు

ప్రశ్న: మూడు సీట్ల సోఫాకి కోరా బట్ట కొని కవరు కుట్టి, ముదురు నీలం వేద్దామనుకుంటున్నాను. జాకెట్లు కుట్టడం వచ్చు గాని ఇంత పెద్దది ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎన్ని మీటర్లు కొనాలి? కుట్టి రంగు వేయాలా, వేసి కుట్టాలా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: రెండూ కాదండీ. ముందు తడిపి ముడవనివ్వండి. తర్వాత ముక్కలుగా కోసి, అన్ని ముక్కలకీ ఒకే తొట్టిలో రంగు వేయండి. కుట్టు చివరికి.

కుట్టాక రంగు వేస్తే నాలుగు పొరలున్న మడతల్లోకి రంగు సరిగ్గా దిగదు. పాలిస్టర్ దారం, జిప్పు పట్టీ తెల్లగా మిగిలిపోతాయి. కోయకుండా తానంతా ముంచితే కలియతిప్పడం ఇద్దరి వల్ల కూడా కాదు, చారలు పడతాయి. సగం ఇవాళ, సగం రేపు వేస్తే రెండు నీలాలు వస్తాయి. ఆ తేడా కిటికీ పక్కన కూర్చున్న ఎవరికైనా కనిపిస్తుంది.

కొలత కవరు అడుగు అంచు నుంచి మొదలుపెట్టండి. వెనక నేల నుంచి వీపు పైవరకు 33 అంగుళాలు, వీపు లోపలివైపు 24, వీపుకీ సీటుకీ మధ్య సందులోకి దోపడానికి దిగేటప్పుడు 6, ఎక్కేటప్పుడు 6, సీటు లోతు 24, ముందు కిందికి 13, అంచు మడతలకి 2. మొత్తం 108 అంగుళాలు, అంటే మూడు గజాలు. సోఫా చేతుల మధ్య సీటు వెడల్పు 66 అయితే రెండు పక్కలా చెరో 6 కలిపి 78 కావాలి. 54 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) ఒక్కటి చాలదు, మూడేసి గజాల నిలువు ముక్కలు రెండు జోడించాలి. అతుకు సరిగ్గా మధ్యలో వద్దు. నిండు పన్నా మధ్యలో పెట్టి, రెండో నిలువును చీల్చి రెండు పక్కలా వేయండి. మిగిలే పేలిక కుషన్ల పక్క పట్టీలకి, చేతుల ముందు ముక్కలకి పనికొస్తుంది. రెండు నిలువులకి ఐదున్నర మీటర్లు, చేతులకి మరో 2 మీటర్లు, మూడు కుషన్లకి 2 మీటర్లు. కోరా బట్ట పదింట ఒక వంతు దాకా ముడుస్తుంది కాబట్టి 11 మీటర్లు తెచ్చుకోండి. మీ సోఫా కొలతలు వేరైతే ఇదే లెక్కలో మీ అంకెలు పెట్టుకోండి.

బట్ట మీటరు 340 గ్రాముల దాకా తూగే దళసరి కాటన్ అయితే బాగుంటుంది. జాకెట్ గుడ్డంత పల్చనిది సోఫా మీద ఆరు నెలలు ఆగదు.

కుట్టడానికి 16 నంబరు సూది వేయండి. జాకెట్లకి వాడేది నాలుగు పొరల దగ్గర విరగొచ్చు. అంగుళానికి 8 కుట్లు చాలు. ముక్కల్ని తిరగేసి సోఫా మీదే పరిచి, గుండుసూదులు గుచ్చి, కచ్చా కుట్టు వేసుకుని అప్పుడు మిషను ఎక్కించండి. చేయి ముందు భాగం గుండ్రంగా ఉంటే మడతలో అరంగుళానికో గాటు పెట్టండి, కానీ కుట్టుదాకా పోనివ్వకండి. పైపింగు (అంచున తాడు పెట్టి కుట్టే పట్టీ) దాటే చోట కాలు ఆపి, చక్రం చేత్తో తిప్పండి.

ప్రశ్న: దుప్పటికి రంగు వేస్తే మబ్బులు మబ్బులుగా వచ్చింది. ఉతికినప్పుడల్లా దిగుతోంది కూడా. ఉప్పునీళ్ళలో, వెనిగర్‌లో నానబెడితే నిలుస్తుందంటున్నారు. సోఫా కవరుకి ఇలా కాకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మబ్బులకి మొదటి కారణం గంజి. నేత గంజి పోని చోట రంగు పట్టదు. లీటరు నీటికి 5 గ్రాముల బట్టల సోడా, కాస్త సబ్బు వేసి, స్టీలు గుండిగలో బట్టని అరగంట ఉడికించండి. అల్యూమినియం పాత్ర వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. నీళ్ళు టీ రంగులోకి మారతాయి. జాడించి ఆరబెట్టాక బట్ట మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే గంజి ఇంకా ఉంది, మళ్ళీ ఉడికించాలి. వెంటనే ఇంకిపోతే రంగుకి సిద్ధం.

ఇక దిగడం సంగతి. ఉప్పేసి మరగబెట్టే ప్యాకెట్ రంగుల్లో చాలావరకు పోగుని అంటుకుని ఉంటాయే తప్ప దానితో కలిసిపోవు. వెనిగర్ కాటన్ మీద ఏమీ చేయదు. మీరు అడగాల్సింది చన్నీటి రియాక్టివ్ రంగులు, ప్రోసియన్ ఎం.ఎక్స్. రకం. 1956లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ రంగులు సోడా తగలగానే నూలుపోగుతో రసాయనికంగా ముడిపడతాయి.

పైన చెప్పిన 11 మీటర్ల బట్ట సుమారు 3.75 కిలోలు. దానికి 100 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో 75 లీటర్ల నీళ్ళు, 3.75 కిలోల ఉప్పు, 1.1 కిలోల బట్టల సోడా కావాలి. మామూలు రంగుకి పొడి 75 గ్రాములు, ముదురుకి 150. వంట సోడా సరిపోదు, దాని ఘాటు తక్కువ.

కోనసీమ తీరం వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా, కఠినంగా ఉంటాయి. సోడా పడగానే అవి పాలలా విరిగి బట్ట మీద తెల్లని నుసి దింపుతాయి. డాబా మీద పట్టిన వాన నీళ్ళు మేలు, లేదంటే శుద్ధిచేసిన కుళాయి నీళ్ళు. కల్లుప్పులోనూ ఆ కాఠిన్యమే ఉంటుంది, మెత్తటి ప్యాకెట్ ఉప్పు వాడండి.

పొడిని గోరువెచ్చని నీళ్ళతో జారుగా కలిపి పల్చటి గుడ్డలో వడకట్టండి. కరగని ఒక్క రేణువు చాలు, ముదురు చుక్క పడుతుంది. ముక్కల అంచులకి ముందే ఓవర్‌లాక్ వేయించి ఉంచితే డ్రమ్ములో పోగులు చిక్కుపడవు. తడి ముక్కల్ని ఒక్కొక్కటే దించండి. 20 నిమిషాలు ఆపకుండా కలియతిప్పుతూ ఉప్పుని మూడు విడతలుగా పోయండి. తర్వాత ముక్కల్ని ఒక పక్కకి ఎత్తిపట్టి, వేరే నీళ్ళలో కరిగించిన సోడా పోసి కలిపి, మళ్ళీ దించండి. సోడా నేరుగా బట్ట మీద పడితే ఆ చోటు ముదురుగా మిగిలిపోతుంది. ఆపైన గంటసేపు. మొదటి అరగంట చెయ్యి ఆగకూడదు, తర్వాత అయిదేసి నిమిషాలకోసారి తిప్పినా చాలు. నీళ్ళు 30–35 డిగ్రీలుండాలి. మన ఎండాకాలపు తొట్టి నీళ్ళు అలాగే సరిపోతాయి, ధనుర్మాసంలో అయితే కాస్త వేడినీళ్ళు కలపాలి. సోడా కలిపిన రంగు రేపటికి పనికిరాదు, నీటితోనే కలిసి చచ్చిపోతుంది.

పోగుతో ముడిపడని మిగులు రంగు బట్టలో ఉంటుంది. మీ దుప్పటి లాగా దిగేది అదే. రెండుసార్లు చన్నీళ్ళలో జాడించి, మరుగుతున్నంత వేడి సబ్బునీళ్ళలో పావుగంట ఉంచి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయండి. నాలుగు వాయిలైనా పడుతుంది, విసుక్కోవద్దు. నీడలోనే ఆరేయండి.

పొడి కలిపేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు తప్పనిసరి. ఆ పొడి పీల్చడం అలవాటైతే ఉబ్బసం రావచ్చు. వంటపాత్రల్లో రంగు కలపకండి. వాడిన నీళ్ళు చేపల చెరువులోకి, కాలువలోకి వదలకండి.

ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. 1 గ్రాము పొడిని 100 మి.లీ. నీళ్ళలో కరిగించండి. 10 గ్రాముల పేలికకి ఆ రంగునీళ్ళు 20 మి.లీ. తీసుకుంటే మామూలు రంగు, 40 అయితే ముదురు. మొత్తం నీళ్ళు 200 మి.లీ., ఉప్పు 10 గ్రాములు, సోడా 3 గ్రాములు. ఆరాకే రంగు నిర్ణయించుకోండి, తడిలో అన్నీ ముదురుగానే కనిపిస్తాయి.

ప్రశ్న: పాత వెల్వెట్ కవరు వెలిసింది. ఇదే రంగు దానికి వేయొచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: లోపలి మడతలోంచి రెండు పోగులు లాగి, పళ్ళెంలో పెట్టి అంటించండి. కరిగి నల్లటి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. దానికి ఈ రంగు పట్టదు, డబ్బు పోగొట్టుకోకండి. కాగితంలా కాలి మెత్తటి బూడిద అయితే నూలు, వేయొచ్చు. అప్పుడు కూడా పాతదానికంటే ముదురు రంగే వేయాలి.

ప్రశ్న: కవరు అంచుకి మా ఊరి లేసు కుట్టాలనుంది. తెల్లగా ఉంచాలా, రంగు వేయాలా? ఇంకోటి, సీటు సందులో దోపిన బట్ట ఎవరు కూర్చున్నా పైకి వచ్చేస్తోంది.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: నూలు దారంతో అల్లిన లేసు అయితే అదే డ్రమ్ములో వేయండి. లేసు అల్లే మెరుపు నూలు దారం (మెర్సరైజ్ చేసినది) మామూలు నూలుకంటే ఎక్కువ రంగు తాగుతుంది కాబట్టి ఒక ఛాయ ముదురుగా వస్తుంది, నీలం మీద అది అందంగానే ఉంటుంది. తెల్లగానే ఉంచాలనుకుంటే కవరుని విడిగా రెండుసార్లు ఉతికాక కుట్టండి. ఏదైనా లేసుని ముందు తడిపి ఆరబెట్టాలి. లేకపోతే తొలి ఉతుకులో అది ముడిచి అంచంతా కుచ్చులు కుచ్చులుగా లాగేస్తుంది.

సందుకి అరంగుళం ప్లాస్టిక్ గొట్టాన్ని సీటు వెడల్పుకంటే రెండంగుళాలు తక్కువగా కోసి, బట్ట మీదుగా లోపలికి గట్టిగా నొక్కండి. అప్పటికీ జారుతుంటే దోపుడుకి వదిలింది తక్కువైనట్టే. ఆరంగుళాల కంటే తగ్గిన దోపుడు ఏ గొట్టానికీ ఆగదు, అక్కడ ఒక పట్టీ అతికి పొడుగు పెంచాలి. ఆ అతుకు సందు లోపలే ఉంటుంది, బయటికి కనిపించదు. వానాకాలంలో మాత్రం వారానికోసారి ఆ మడత బయటికి లాగి ఫ్యాను కింద ఆరనివ్వండి, బూజు ముందు పట్టేది అక్కడే.