ఇంట్లో బర్న్ చేసిన డీవీడీ అందరి ప్లేయర్లలోనూ ఆడాలంటే

పాత క్యాసెట్లలోని కుటుంబ వీడియోను డీవీడీలకు ఎక్కించి పన్నెండు మంది బంధువులకు పంపానని రాశారు. మీ కంప్యూటర్లో అన్నీ చక్కగా ఆడుతున్నాయి. నాలుగు ఇళ్లలో మాత్రం ఒక ప్లేయరు డిస్కునే గుర్తించడం లేదు, రెండింటిలో చివరి అరగంటలో బొమ్మ ఆగిపోతోంది, ఒకచోట శబ్దం రావడం లేదు. "తప్పు డిస్కుదా, ప్లేయరుదా?" అని అడిగారు. నేను కూడా సరిగ్గా ఇదే ఇబ్బంది పడి, చాలా డిస్కులు పాడుచేసుకుని దారి కనుక్కున్నాను. డిస్కు అంతంతమాత్రంగా బర్న్ అయింది, ప్లేయరుకు అంతంతమాత్రపు డిస్కును చదివే ఓపిక లేదు. ప్లేయరును మనం మార్చలేం కాబట్టి డిస్కునే వీలైనంత సులువుగా చదివించుకునేలా తయారుచేయాలి.

మా తాతయ్య మాట్లాడిన రెండు గంటల వీడియోను ఇలాగే అందరికీ పంపాను. వారం తిరగకముందే పెద్దమ్మ ఫోను చేసింది. "అంతా బాగానే వస్తోంది నాయనా, నాన్న తన చిన్నతనం గురించి చెప్పడం మొదలుపెట్టేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతోంది" అంది. ఆ భాగం గంటా నలభై నిమిషాల దగ్గర వస్తుంది. ప్లేయరు పాతబడి ఉంటుందని సర్దిచెప్పాను. రెండు రోజుల తరవాత బాబాయి ఇంట్లోనూ దాదాపు అదే నిమిషం దగ్గర ఆగిందని తెలిసింది. రెండు వేరువేరు ప్లేయర్లు ఒకేచోట ఆగాయంటే లోపం నేను పంపినదానిలోనే ఉందని అర్థమైంది.

నా దగ్గరున్న కాపీని దీపం కింద వాల్చి అడుగుభాగం చూశాను. బర్న్ అయిన మేర రంగు కాస్త ముదురుగా, మిగిలిన మేర లేతగా కనిపిస్తుంది. మధ్యలో సన్నని గీత ఉంటుంది. మీరూ చూడండి, కంటికి స్పష్టంగా తెలుస్తుంది. నా డిస్కులో ఆ గీత అంచుకు సుమారు రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉంది, అంటే డిస్కును చివరిదాకా నింపేశాను. పైగా 16ఎక్స్ వేగంతో, అంటే మామూలు వేగానికి పదహారు రెట్లతో, బర్న్ చేశాను. అందంగా ఉండాలని పైన గుండ్రని కాగితపు లేబుల్ కూడా అంటించాను. ఈ మూడూ కలిసి దెబ్బతీసింది అంచు దగ్గరే.

డీవీడీలో సమాచారం లోపలి నుంచి బయటికి సాగుతుంది. వీడియో చివరి భాగం అంచు దగ్గర పడుతుంది. డిస్కు ఏ మాత్రం వంగినా, ఊగినా ఆ తేడా మధ్యలో తెలియదు, అంచు దగ్గర పెరుగుతుంది. డిస్కు మందం 1.2 మిల్లీమీటర్లు, అదీ 0.6 మిల్లీమీటర్ల రెండు పలకలను అతికించినది. దాని మీద కాగితం, జిగురు పడితే బరువు సమంగా ఉండదు, తేమకు కాగితం బిగుసుకుని డిస్కును లాగుతుంది. ఇక బర్నింగ్ విషయానికొస్తే, 16ఎక్స్ వేగం మొదటినుంచీ ఉండదు. లోపల తక్కువ వేగంతో మొదలై, బయటికి వెళ్లేకొద్దీ పెరిగి అంచు దగ్గర ఆ వేగాన్ని అందుకుంటుంది. చదవడం కష్టమైన చోటే హడావిడిగా రాసినట్టవుతుంది.

మరి కంప్యూటర్లో ఎందుకు ఆడింది? కంప్యూటర్ డ్రైవు ప్లేయరుకన్నా ఎన్నో రెట్లు వేగంగా చదవగలదు. ఒకచోట తడబడితే మళ్లీ మళ్లీ చదివి, ఆ లోపల బొమ్మ ఆగకుండా చూసుకునే వ్యవధి దానికి ఉంటుంది. మామూలు ప్లేయరు 1ఎక్స్‌కు, అంటే సెకనుకు సుమారు 1.38 మెగాబైట్లకు, కాస్త అటూ ఇటూగా పనిచేస్తుంది. దానికి తిరిగి చదివే తీరిక తక్కువ. అందుకే "నా కంప్యూటర్లో బాగానే ఉంది" అన్న పరీక్షకు నేను ఇప్పుడు విలువ ఇవ్వను. బర్నింగ్ తరవాత వచ్చే వెరిఫై కూడా అంతే. డేటా సరిగ్గా పడిందని చెబుతుంది తప్ప, పక్కింటి ప్లేయరు దాన్ని చదువుతుందని చెప్పదు. అయినా వెరిఫై మానకండి. అందులోనే తప్పిన డిస్కును ఎవరికీ పంపకూడదు కదా.

నేను ఒక్కొక్కటే మార్చి చూశాను. వేగం 8ఎక్స్‌కు తగ్గించి, లేబుల్ లేకుండా బర్న్ చేస్తే పెద్దమ్మ ఇంట్లో ముందుకన్నా పది నిమిషాలు ఎక్కువ ఆడి ఆగింది గానీ ఆగడం మాత్రం పోలేదు. తరవాత వీడియో పరిమాణాన్ని 4 గిగాబైట్ల లోపుకు తెచ్చాను. గీత అంచుకు నాలుగు మిల్లీమీటర్ల ఇవతలికి వచ్చింది, తాతయ్య మాటలు చివరిదాకా వినిపించాయి. 4.7 గిగాబైట్ల డిస్కు అంటే కంప్యూటర్ లెక్కలో 4.38 మాత్రమే. రెండు గంటల వీడియోకు సగటు బిట్‌రేటు, అంటే ఒక్కో సెకనుకు కేటాయించే డేటా, సుమారు 4.4 మెగాబిట్లు, ఆడియోకు 224 కిలోబిట్లు పెట్టుకుంటే 4 గిగాబైట్ల లోపు సరిపోతుంది. క్యాసెట్ నుంచి తీసిన బొమ్మకు అది చాలు. వేగం తగ్గించమన్నాను కదా అని మరీ 1ఎక్స్‌కో 2ఎక్స్‌కో దిగకండి. 16ఎక్స్ కోసం తయారైన డిస్కు పూత అంత నెమ్మదితనానికి తగ్గట్టు ఉండదు. దానికి 8ఎక్స్, 8ఎక్స్ డిస్కుకు 4ఎక్స్ నాకు బాగా కుదిరాయి.

బిట్‌రేటులో సగటుతోపాటు గరిష్ఠాన్నీ చూడాలి. డీవీడీ వీడియో నియమాల ప్రకారం బొమ్మకు 9.8 మెగాబిట్ల దాకా, అన్నీ కలిపి 10.08 దాకా వెళ్లవచ్చు. కానీ ఇంట్లో బర్న్ చేసిన డిస్కు మీద ఆ హద్దు దాకా వెళ్తే పాత ప్లేయరు రద్దీ దృశ్యాల్లో తడబడుతుంది. నేను గరిష్ఠాన్ని 7.5 దగ్గర ఆపుతాను.

డిస్కునే గుర్తించని ప్లేయరు సంగతి వేరు. మీరు పంపినది తిరిగి చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు కాదని ముందు చూసుకోండి. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన ఒక పొర డీవీడీ లేజరు వెలుగులో 45 నుంచి 85 శాతం వెనక్కి పంపుతుంది; ఆర్‌డబ్ల్యూ 18 నుంచి 30 శాతమే పంపుతుంది. రెండు పొరల అచ్చు డీవీడీ కూడా అంతే పంపుతుంది కాబట్టి, తొలితరం ప్లేయర్లు కొన్ని ఆర్‌డబ్ల్యూను రెండు పొరల డిస్కు అనుకుని పొరపడేవి. పంపడానికి ఒక్కసారి రాసే డిస్కే మేలు. అందులోనూ మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండున్నాయి. ప్లేయర్లు 1996 చివర్లో అమ్మకానికి వచ్చాయి, మైనస్ ఆర్ 1997లో వచ్చింది, ప్లస్ ఆర్ 2002లో. ప్లస్ ఆర్ పుట్టకముందే తయారైన ప్లేయరు దాన్ని ఎరుగదు. పాత ప్లేయరు ఉన్న ఇంటికి నేను మైనస్ ఆర్ పంపుతాను.

ప్లస్ ఆర్‌కు ఒక వెసులుబాటు ఉంది. డిస్కు మొదట్లో అది ఏ రకమో చెప్పే చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని బుక్‌టైప్ అంటారు. చాలా డ్రైవులు ప్లస్ ఆర్ మీద ఆ గుర్తును డీవీడీ రోమ్, అంటే అచ్చు వేసిన డిస్కు, అని రాయగలవు. అప్పుడు కొన్ని మొండి ప్లేయర్లు మారుమాట లేకుండా ఆడిస్తాయి. ఇమ్జ్‌బర్న్ వంటి ఉచిత ప్రోగ్రాముల్లో ఈ సదుపాయం ఉంటుంది. మైనస్ ఆర్‌లో ఇలా మార్చడం కుదరదు. రెండు పొరల ఖాళీ డిస్కుల జోలికి మాత్రం పోవద్దని నా సలహా. పొర మారే చోట చాలా ప్లేయర్లు చిక్కుకుంటాయి. నాలుగు గంటల వీడియో అయితే రెండు మామూలు డిస్కులు చేయండి.

ఇంకొకటి. మీరు ఎంపీ4 ఫైళ్లను డిస్కు మీదికి లాగి వదిలారా, వీడియో డీవీడీగా తయారుచేశారా? మీరు రాసినదాన్నిబట్టి రెండోదే అనిపిస్తోంది, అయినా చూసుకోండి. డిస్కు తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డరు, అందులో ఐఎఫ్ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్లు కనిపించాలి. డీవీడీ స్టైలర్ వంటి ప్రోగ్రామ్ వాటిని తయారుచేస్తుంది. బర్న్ చేసేటప్పుడు డేటా డిస్కుగా కాకుండా డీవీడీ వీడియోగా ఎంచుకోవాలి, ఎందుకంటే ఆ ఫైళ్లు డిస్కు మీద ఒక వరుసలో ఉండాలి. మొత్తాన్ని ఒకేసారి రాసి ఫైనలైజ్ చేయాలి, అంటే ఇక ఏమీ చేర్చకుండా డిస్కును ముగించాలి. తరవాత ఏదో చేరుద్దామని డిస్కును తెరిచి ఉంచితే బర్న్ చేసిన డ్రైవు తప్ప మిగిలినవి చాలావరకు దాన్ని ఖాళీ డిస్కుగానే చూస్తాయి.

శబ్దం రాని ఇంటి విషయంలో ఆడియో ఏ రూపంలో ఉందో చూడండి. ఎంపెగ్ లేయర్ 2 అయితే ఎన్టీఎస్సీ దేశాల (అమెరికా, జపాన్ వంటి చోట్ల వాడిన టీవీ పద్ధతి) కోసం తయారైన ప్లేయరు దాన్ని వినిపించాలన్న నియమం లేదు. ఏసీ-3 (డాల్బీ డిజిటల్) లోకి, 48 కిలోహెర్ట్జ్‌కు మారిస్తే అన్నిచోట్లా వినిపిస్తుంది. ఆ బంధువులు వేరే దేశంలో ఉంటే బొమ్మనూ ఆలోచించాలి. 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు ఉన్న పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డిస్కును ఎన్టీఎస్సీ ప్లేయర్లలో చాలావరకు ఆడించలేవు. వారి కోసం ఎన్టీఎస్సీ కాపీ విడిగా చేయక తప్పదు.

ఇప్పుడు మళ్లీ పన్నెండూ చేయకండి. ముందు ఒక్కటే చేయండి. మీకు అందుబాటులో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత ప్లేయరులో పెట్టి, చివరి ఇరవై నిమిషాలు ముందుకు జరపకుండా కూర్చుని చూడండి. అది నిలబడితే అదే పెట్టెలోని డిస్కులతో, అదే డ్రైవుతో, అదే వేగంతో మిగిలినవి చేయండి. పేరు రాయాలనుకుంటే సీడీల కోసం అమ్మే మెత్తటి పెన్నుతో, నడిమి రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయం మీద రాయండి. డిస్కులను ఎండ తగిలే చోట పెట్టవద్దని బంధువులకు చెప్పండి, లోపలి రంగు పూత వెలుగుకు చెడిపోతుంది. అసలు ఫైళ్లను మీ హార్డ్ డిస్కులోంచి మాత్రం తీసేయకండి.

చివర్లో ఆగిపోతున్న ఆ రెండు ఇళ్లవారిని సరిగ్గా ఏ నిమిషం దగ్గర ఆగుతోందో అడగండి. మీ డిస్కు మీది గీత అంచుకు ఎంత దూరంలో ఉందో, లేబుల్ అంటించారో లేదో కూడా చూసి ఇక్కడ రాయండి. రెండు ఇళ్లలోనూ ఒకే నిమిషమైతే పరిమాణం, వేగం తగ్గిస్తే సరిపోతుంది. వేరువేరు నిమిషాలైతే ఆ రెండు డిస్కులనూ వెనక్కి తెప్పించి, గీరుకుపోయిన గుర్తులు గానీ వేలిముద్రలు గానీ ఉన్నాయేమో ముందు చూడాలి.