ఏ కంపెనీ కంట్రోలర్ అన్నది తర్వాత, ముందు షాఫ్ట్ మీద గీత చూడండి

మీ ప్రశ్న ఇది: గచ్చిబౌలిలో పాత ఆఫీసు, వీఏవీ బాక్సుల (ఏసీ గాలి ఒక్కో గదికి ఎంత వెళ్లాలో సర్దే, సీలింగ్ పైన ఉండే పెట్టెలు) మీద డ్యాంపర్ కంట్రోలర్లు, అంటే లోపల గాలిని ఆపే రెక్కను తిప్పే మోటారున్న పరికరాలు, కొత్తవి వేశారు. స్క్రీన్ మీద డ్యాంపర్ 100 శాతం తెరిచి ఉంది, గదిలో గాలి లేదు. ఇంకో కంపెనీవి కొనాలా? వద్దండీ. కంపెనీ మార్చినా బిగించే పద్ధతి మారకపోతే ఇదే కథ.

ఆ 100 అనేది డ్యాంపర్ రెక్క చెప్పిన మాట కాదు, మోటారు వేసుకున్న లెక్క. చాలా కంట్రోలర్లలో రెక్క ఎక్కడుందో నేరుగా చూసే సెన్సర్ ఉండదు. 90 డిగ్రీలు తిరగడానికి 60 సెకన్లో 90 సెకన్లో పడుతుందని దానికి ముందే చెప్పి ఉంచుతారు. అంతసేపు తిరిగితే తెరుచుకున్నట్టే లెక్క. పొద్దున ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి తోసే పెద్ద యంత్రం) మొదలవగానే కంట్రోలర్ తెరవమంటుంది, మోటారు తిరుగుతుంది, మోటారును పట్టి ఉంచే యూ బోల్టు క్లాంపు షాఫ్ట్ (రెక్కను తిప్పే కడ్డీ) మీద జారుతుంది, రెక్క మూసిన చోటే ఉంటుంది. గాలి చాలలేదని ఇంకా తెరవమంటుంది. మోటారు చివరిదాకా వెళ్లి ఆగి 100 అని చూపిస్తుంది. కింద కూర్చుని బిల్డింగు పరికరాలన్నీ స్క్రీన్ మీద చూసే బీఎంఎస్ మనిషికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

తేల్చుకోవడం సులువు. షాఫ్ట్ చివర రెక్క దిశను చూపే గీతో గాడో ఉంటుంది. గాలి వెళ్లే దిశకు సమాంతరంగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. క్లాంపునీ షాఫ్టునీ కలుపుతూ మార్కర్‌తో ఒక గీత గీయండి. సున్నా నుంచి 100కి, మళ్లీ సున్నాకి కమాండ్ ఇప్పించండి. మధ్యలో ఎక్కడైనా గీత రెండు ముక్కలైతే క్లాంపు జారుతోంది.

పాత బాక్సుల్లో జారడానికి ప్రత్యేక కారణం ఉంది. పాత క్లాంపు పళ్లు షాఫ్ట్ మీద గాట్లు పెట్టి ఉంటాయి, పైన గ్రీజూ దుమ్మూ పేరుకుంటాయి. కొత్త క్లాంపు ఆ గాట్లలో సగం సగం కూర్చుంటుంది. ఎమరీ పేపరుతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, వీలైతే గాట్లు లేని చోట పట్టు ఇవ్వాలి. షాఫ్ట్ సాధారణంగా 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. సన్నగా ఉంటే ఖాళీని పూడ్చే బుష్ (చిన్న గొట్టం ముక్క) వేయాలి, క్లాంపును బలవంతంగా బిగిస్తే పట్టు రాదు.

బిగించే ముందు కరెంటు తీసేసి షాఫ్టును ప్లయర్‌తో తిప్పి చూడండి. ఈ కంట్రోలర్ల మోటార్లకు చాలావరకు 4, 5 న్యూటన్ మీటర్ల బలమే ఉంటుంది. చేతికే గట్టిగా తగిలితే రెక్క అంచు సీలు ఎక్కడో పట్టేసింది, దాన్ని మోటారు మీదికి నెట్టకండి. తర్వాత రెక్కను పూర్తిగా మూయండి. కంట్రోలర్ మీది గేర్ రిలీజ్ బటన్ నొక్కి క్లాంపును కూడా మూసే చివరకు తిప్పండి. అప్పుడు రెండు నట్లనూ మార్చి మార్చి, కంట్రోలర్‌తో వచ్చిన షీటులో రాసిన టార్క్ (తిప్పే బలం) వరకు బిగించండి. ఒకే నట్టు మొత్తం బిగిస్తే క్లాంపు వంకరగా కూర్చుని వారంలో వదులవుతుంది. బాక్సు ఎటు తిరిగితే మూసుకుంటుందో చూసి ఆ దిశ కంట్రోలర్‌లో పెట్టాలి. అన్ని బాక్సులూ 90 డిగ్రీలు తిరగవు, 45, 60 డిగ్రీలవీ ఉంటాయి. వాటికి స్టాపర్ పెట్టకపోతే మోటారు రోజంతా రెక్కను గోడకేసి తోస్తుంది.

కంట్రోలర్ మొత్తం తిరగకుండా ఆపే స్క్రూ విషయంలోనే ఎక్కువ మంది తప్పు చేస్తారు. అది గాడి మధ్యలో కాస్త ఆడుతూ ఉండాలి. షాఫ్ట్ కొంచెం వంకరగా తిరిగినా కంట్రోలర్ దానితో కదలాలి. రేకుకు అదిమి బిగిస్తే ఆ బలమంతా గేర్ల మీద పడుతుంది. పొడవు స్క్రూ వేస్తే లోపల రెక్కకే తగులుతుంది. రేకుకు డ్రిల్లు వేసేటప్పుడు బోర్డు మీద గుడ్డ కప్పండి, ఇనుప రజను టెర్మినల్స్ మధ్య పడితే కొత్త కంట్రోలర్ మొదటి రోజే పోతుంది.

షాఫ్ట్ బాగుంటే పీడనం గొట్టాలు చూడండి. హై, లో అనే ఈ రెండు సన్న గొట్టాల మధ్య పీడనం తేడా చూసే కంట్రోలర్ గాలి ఎంతో లెక్కేస్తుంది. హై, లో తారుమారైతే గానీ, హై గొట్టం ఊడిపోతే గానీ గాలి సున్నా అని చదివి డ్యాంపర్ పూర్తిగా తెరుస్తుంది, గది గడ్డకడుతుంది. లో గొట్టం ఊడితే వ్యతిరేకం: గాలి విపరీతంగా వస్తోందనుకుని మూసేస్తుంది. వంపుల దగ్గర గొట్టం మడత పడకూడదు.

తర్వాత కే ఫ్యాక్టర్, అంటే పీడనం తేడాను గాలి పరిమాణంగా మార్చే, ఆ బాక్సుకు సంబంధించిన అంకె. బాక్సు లేబుల్ మీద ఉన్నదే వేయాలి. లెక్క ఇంతే: కే ను పీడనం తేడా (అంగుళాల నీటిలో) వర్గమూలంతో గుణిస్తే సీఎఫ్ఎం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలో. కే 900, తేడా పావు అంగుళం నీరు, అంటే 62 పాస్కల్స్ ఉంటే 450 సీఎఫ్ఎం. పక్క పెద్ద బాక్సు కే 1400 పొరపాటున వేస్తే 700 చూపిస్తుంది, కంట్రోలర్ నమ్మి డ్యాంపర్ మూస్తుంది, మనుషులు ఉక్కపోతతో ఫోన్లు చేస్తారు. సున్నా కాలిబ్రేషన్, అంటే గాలి లేనప్పుడు సెన్సర్ సున్నా చూపేలా సరిచేయడం, కూడా వదలకండి. 62 పాస్కల్స్ దగ్గర ఒక పాస్కల్ తప్పు ఒక శాతం లోపే. కనిష్ఠ గాలి దగ్గర, అంటే రెండున్నర పాస్కల్స్‌లో, అదే తప్పు 18 శాతం.

24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే పది బాక్సులకు పంచుతుంటే రెండు తీగల వరస ఎక్కడా తిరగబడకూడదు, ఒక్కచోట తిరగబడినా షార్టయ్యే ప్రమాదం ఉంది. కమ్యూనికేషన్ కేబుల్ షీల్డును (తీగల చుట్టూ ఉండే లోహపు పొరను) ఒక చివరే ఎర్త్ చేయండి.

ఇంటీరియర్ వాళ్ల మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. కంట్రోల్ బాక్సు ఎదురుగా మూత తెరిచేంత జాగా లేకుండా జిప్సం సీలింగ్ మూసేస్తారు, ట్రాప్ డోర్ ఇంకెక్కడో పెడతారు. నట్టు బిగించడానికి చెయ్యి దూరక సగం బిగింపుతో వదిలేసిన బాక్సులే ఇలా జారేవి. డ్రాయింగులోనే మూత ముందు 600 మిల్లీమీటర్లు రాయించండి. ఇక కొత్తవి కొనే మాట వస్తే, బాక్సు ఫ్యాక్టరీలోనే కంట్రోలర్ బిగించి, అక్కడే తిప్పి చూసి పంపమని ఆర్డరులో రాయండి. సీలింగ్ పైన నిచ్చెన మీద వేలాడుతూ చేసిన పని, టేబుల్ మీద చేసిన పనికి ఎప్పుడూ సాటి రాదు.

మీ దగ్గర ఉన్నవాటికి మాత్రం ముందు మార్కర్ గీత పరీక్ష చేయించి, ఎన్ని బాక్సుల్లో గీత విడిపోయిందో ఇక్కడే రాయండి.