పాప మొదటి హాలోవీన్: ఇంట్లో ఏం వేయాలి, ఏం చేయాలి, ఏది వద్దు

మీరు అడిగింది ఇది: పిల్లలు వేషాలు వేసుకుని క్యాండీ కోసం ఇంటింటికీ తిరిగే హాలోవీన్‌కి, అంటే అక్టోబరు 31కి, పాపకు ఏడు నెలలు నిండుతాయి, ఉండేది న్యూజెర్సీ, కుట్టుమిషన్ లేదు, కొన్న గుమ్మడికాయ డ్రెస్ వేయగానే గుక్కపట్టి ఏడుస్తోంది, అమ్మమ్మ తాతయ్య ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఇంట్లోనే తక్కువ ఖర్చుతో ఏం చేయొచ్చు, ఆ సాయంత్రం పాపను బయటికి తీసుకెళ్లాలా అని.

కొన్న డ్రెస్ తిరిగి ఇచ్చేయండి. ఈ వయసు పిల్లలు వేషం వేస్తే ఏడ్చేది ఎక్కువగా మూడు కారణాలకు: తలమీద బిగుతు టోపీ, మెడ దగ్గర గీసుకునే కుట్టు, లోపల దూది నింపిన బట్ట వల్ల ఉక్క. పాప రోజూ వేసుకునే వన్సీనే (డైపర్ మీదుగా కింద బిగించే ఒకటే ముక్క బట్ట) వేషంగా మార్చేస్తే ఈ మూడూ ఉండవు.

నారింజ రంగు కాటన్ వన్సీ ఒక సైజు పెద్దది తీసుకోండి. అక్టోబరు చివర అక్కడ సాయంత్రం చలి కాబట్టి లోపల ఫుల్ చేతుల వన్సీ ఇంకొకటి పడుతుంది. 9 బై 12 అంగుళాల నల్ల ఫెల్ట్ (నేయకుండా నొక్కి చేసిన మెత్తటి గుడ్డ) షీటు ఒకటి, ఇస్త్రీ చేస్తే అంటుకునే, ఒకవైపు కాగితం ఉన్న జిగురు షీటు (షాపులో ఫ్యూజిబుల్ వెబ్ అంటారు) ఒకటి కావాలి. ఫెల్ట్ ఏ క్రాఫ్ట్ షాపులోనైనా డాలరు, రెండు డాలర్లకు దొరుకుతుంది. వన్సీని ముందు ఒకసారి ఉతికి ఆరబెట్టండి, ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేయకుండా. ఉతకకపోతే తర్వాత బట్ట కుంచించుకుని ఫెల్ట్ చుట్టూ ముడతలు పడతాయి. సాఫ్టెనర్ వేస్తే జిగురు పట్టదు.

జిగురు షీటు కాగితం వైపు రెండు త్రికోణాలు కళ్లకు, చిన్నది ముక్కుకు, పళ్లున్న నవ్వు ఒకటి గీయండి. దాన్ని ఫెల్ట్ మీద పెట్టి కాగితం వైపు నుంచి ఇస్త్రీ చేసి, గీత వెంట కత్తిరించి, కాగితం ఊడదీసి వన్సీ మీద అమర్చండి. ఇక్కడే ఎక్కువమంది పాడుచేసుకుంటారు. షాపుల్లో దొరికే ఫెల్ట్ చాలావరకు ఆక్రిలిక్ లేదా పాలిస్టర్, వేడి ఇస్త్రీపెట్టె నేరుగా తగిలితే కరిగి పెట్టెకు అంటుకుంటుంది. ఒక్కో ముక్కను మధ్యస్థ వేడి మీద, పైన పలుచని గుడ్డ వేసి రెండు మూడు సెకన్లు అద్ది కదలకుండా అంటించండి. తర్వాత వన్సీని లోపలివైపు తిప్పి కాటన్ మీద నుంచి ఒక్కోచోట 10, 15 సెకన్లు నొక్కండి. పెట్టెను జరపొద్దు, నొక్కి ఎత్తాలి. పూర్తిగా చల్లారాక అంచును గోటితో గీకి చూడండి. మీ గోటికి లేచే అంచు పాప వేళ్లకూ లేస్తుంది, లేచింది నేరుగా నోట్లోకే పోతుంది. అందుకే జిగురు ఒక్కదాన్నే నమ్మొద్దు. చుట్టూ కాజా కుట్టు వేయించండి. అమ్మమ్మగారికి చేతికుట్టు వస్తే అరగంట పని.

ముఖం ఎక్కడ పెట్టాలో కూడా చూసుకోండి. పాప కూర్చుంటే పొట్ట దగ్గర బట్ట మడత పడుతుంది, కింద డైపర్ ఉబ్బుతుంది. మామూలుగా మధ్యలో పెట్టేస్తే ఫొటోలో నవ్వు ఆ మడతలో మాయం. మెడపట్టీకి రెండు అంగుళాల కింద కళ్లు మొదలుపెట్టి, మొత్తం ముఖం నాలుగు అంగుళాల ఎత్తులో ముగించండి. హాట్ గ్లూ గన్ వద్దు. ఆ జిగురు గట్టిపడి చర్మానికి గుచ్చుకుంటుంది, ఉతికితే ఊడొచ్చు. పిన్నీసులు, గుండీలు, పూసలు, ఊగే ప్లాస్టిక్ కళ్లు, పాంపామ్‌లు (చిన్న ఉన్ని బంతులు) కూడా వద్దు. టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలో ఉండే అట్టగొట్టంలో పట్టే వస్తువేదైనా ఈ వయసుకు గొంతులో అడ్డుపడే వస్తువే అనుకోండి. తలకు ఆకుపచ్చ కాటన్ టోపీ, దానిమీద కుట్టిన ఫెల్ట్ తొడిమ చాలు. గడ్డం కింద ఎలాస్టిక్, మెడకు నాడా ఉండకూడదు. రెండుసార్లు పీకేసిందంటే టోపీ వదిలేయండి. గాజుగుడ్డ చుట్టి మమ్మీ వేషం వేయడం కూడా వద్దు, దాని పోగులు కాలివేళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోవచ్చు.

ఇల్లంతా కలిసి వేసుకోవాలంటే ఇడ్లీ వేషం చాలా ముద్దుగా ఉంటుంది. పాపకు ఆకుపచ్చ వన్సీ, అది అరిటాకు. దానిమీద మూడంగుళాల గిన్నె మూత పెట్టి గీసి కత్తిరించిన తెల్ల ఫెల్ట్ ఇడ్లీలు రెండు, పక్కన ఎర్ర ఫెల్ట్‌తో చెంచాడు కారప్పొడి. నాన్న గోధుమరంగు టీషర్టు మీద మునక్కాడ ముక్కలు, క్యారెట్ చక్రాలు అంటించుకుంటే సాంబారు. అమ్మ తెల్ల టీషర్టు మీద నల్ల చుక్కలు ఆవాలు, రెండు కరివేపాకులు పెట్టుకుంటే కొబ్బరి చట్నీ. పెద్దవాళ్ల చొక్కాలకు కుట్టు కూడా అక్కర్లేదు, ఫ్యాబ్రిక్ జిగురు చాలు, కానీ పాపను ఎత్తుకునే ఛాతీ భాగం మీద ముక్కలు పెట్టుకోకండి, పీకేస్తుంది. కృష్ణాష్టమికి కొన్న బాలకృష్ణుడి సెట్టు ఉంటే అది ఇంట్లో ఫొటోకు మాత్రమే. జరీ గీసుకుంటుంది, పూసల వడ్డాణం తెగుతుంది, నెమలి ఈకలు నోట్లోకి పోతాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లి మీసాలు, ముక్కు మీద చుక్క కాటుకతో దిద్దుదామని పెద్దవాళ్లు అంటారు. దిష్టిచుక్క మనకు అలవాటే కాబట్టి అందులో తప్పేముంది అనిపిస్తుంది. కాటుక, సుర్మాలలో సీసం బయటపడుతూ వచ్చింది. అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని సౌందర్య సాధనంగా అనుమతించదు. కొన్ని సిందూరం పొడుల్లోనూ సీసం ఉందని హెచ్చరికలిచ్చింది. చేతికి అంటిన రంగు పాప నోట్లోకే వెళ్తుంది, పిల్లల రక్తంలో సీసానికి ఇంత ఉన్నా ఫరవాలేదు అనే మోతాదే లేదు. న్యూజెర్సీలో పిల్లలకు ఏడాది, రెండేళ్ల వయసులో రక్తంలో సీసం పరీక్ష చేయించాలన్న నియమం ఉన్నది ఇందుకే. షాపులో దొరికే ఫేస్ పెయింట్ కూడా ఈ వయసుకు అవసరం లేదు. మీసాలు కావాలంటే ఫొటో మీద గీసుకోండి.

ఇక క్రాఫ్ట్. ఒక్కటే చేయగలిగితే పాదంతో దయ్యం బొమ్మ చేయండి. నల్ల కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం) మీద తెల్ల రంగుతో పాదం ముద్ర వేసి కాగితాన్ని తలకిందులు చేస్తే మడమ దయ్యం తల అవుతుంది, వేళ్లు గాలిలో తేలే కొంగు అంచులు అవుతాయి. రంగు ఆరాక మడమ మీద నల్ల మార్కర్‌తో రెండు కళ్లు, గుండ్రటి నోరు పెడితే అయిపోయింది.

వినడానికి తేలికే, తీరా చేస్తే మొదటి మూడు ముద్రలు మచ్చల్లాగే వస్తాయి. కారణం పాప అల్లరి కాదు. ఈ వయసులో అరికాలి ముందుభాగం మీద ఏది నొక్కినా వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, అది పుట్టుకతో వచ్చే ప్రతిచర్య. అందుకని కాగితాన్ని నేలమీద పెట్టి పాదం దానికి అదమొద్దు. కాగితాన్ని ఒక అట్టకు క్లిప్పుతో బిగించి దాన్నే పాదం దగ్గరకు తేవాలి. అరికాలి బయటి అంచు వెంట మడమ నుంచి పైకి వేలితో ఒక్కసారి రాస్తే వేళ్లు విచ్చుకుంటాయి. అదే క్షణంలో మడమ నుంచి మొదలుపెట్టి వేళ్ల వరకు ఒక్క ఊపులో అద్ది నేరుగా వెనక్కి లాగాలి, పక్కకు జరిపితే ముద్ర అలుక్కుపోతుంది. పాలు తాగి కునుకు పట్టే వేళ ఇది బాగా కుదురుతుంది. రంగు విషంలేని వాషబుల్ టెంపెరా (నీళ్లతో కడిగితే పోయే పిల్లల రంగు) అయి ఉండాలి, స్పాంజితో పలుచగా అద్దాలి. మందంగా పూస్తే వేళ్ల మధ్య నిండి అయిదు వేళ్లూ ఒకే ముద్ద అవుతాయి. ఒకరు ఎత్తుకోవాలి, ఒకరు అట్ట పట్టుకోవాలి, తడిగుడ్డ ముందే చేతికందేలా ఉండాలి. నాలుగైదు కాగితాలు సిద్ధం పెట్టుకోండి, మంచిది ఒక్కటి వస్తుంది. మిగిలిన వాటిలో తాతయ్యగారి బొటనవేలి ముద్రలతో చిన్న గుమ్మడికాయలు వేయించండి. కాగితం వెనక తేదీ, పాప వయసు పెన్సిల్‌తో రాయండి.

చేతి ముద్ర కావాలంటే ఉప్పుపిండి బిళ్ల చేయొచ్చు. కప్పు మైదా, అరకప్పు ఉప్పు, అరకప్పు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండి కంటే గట్టిగా కలిపి, పావంగుళం మందాన ఒత్తి, దానిమీద పాప అరచేతిని అద్ది, పైన స్ట్రాతో బెజ్జం పెట్టండి. పిడికిలి విప్పడానికి అరచేతి వెనక నిమిరితే చాలు. 200 డిగ్రీల ఫారన్‌హీట్‌లో రెండున్నర, మూడు గంటలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ ఆరబెట్టాలి. తొందరపడి 350 పెడితే బుడగలు లేచి ముద్ర చెరిగిపోతుంది. అందులో ఉప్పు చాలా ఎక్కువ, పాప నాకకుండా అక్కడికక్కడే చెయ్యి తుడిచేయండి.

గుమ్మడికాయను తొలిచి అందులో పాపను కూర్చోబెట్టి తీసే ఫొటో మీరు చూసే ఉంటారు. నా సలహా వద్దనే. లోపల చల్లగా, తడిగా, జిగటగా ఉంటుంది, కాలి బెజ్జాల అంచులు తొడలకు గీసుకుంటాయి, ఏడుపు తప్ప ఫొటో రాదు. దానికి బదులు అరచేతంత గుమ్మడికాయను గాలన్ సైజు పెద్ద జిప్ కవర్లో వేసి, రెండు మూడు చోట్ల రంగు చుక్కలు పిండి, మూతిని వెడల్పు టేపుతో మూసి పాప ముందు పెట్టండి. తట్టి తట్టి రంగు తనే పూస్తుంది, చేతికి ఏమీ అంటదు. కవర్ ప్లాస్టిక్ కాబట్టి పక్కనుంచి లేవొద్దు. అయిదు నిమిషాల్లో విసుగొస్తుంది, అప్పుడు తీసేయండి. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే ఇంట్లో పెరిగిన తాతయ్యకు, వాకిట్లో ముఖం చెక్కిన గుమ్మడికాయ పెట్టడం వింతేమీ కాదు. చెక్కే పని ఆయనకే ఇవ్వండి. కాకపోతే 30వ తేదీకి ముందు వద్దు, చెక్కిన కాయ నాలుగైదు రోజుల్లో బూజు పడుతుంది. లోపల పెట్టే ఎల్‌ఈడీ దీపాల్లో చాలావాటిలో బటన్ బ్యాటరీ ఉంటుంది. మూతకు స్క్రూ ఉన్నవే కొనండి, పాపకు అందని ఎత్తులో పెట్టండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవడం మొదలవుతుంది. అనుమానం వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సాయంత్రం బయటికి తీసుకెళ్లాలా అన్నారు. తీసుకెళ్లండి, క్యాండీకి నాలుగైదు ఇళ్లు చాలు. అక్టోబరు 31న న్యూజెర్సీలో 6 గంటలకు కాస్త ముందే పొద్దు గుంకుతుంది. 5.15కి బయలుదేరితే 6కల్లా ఇంటికి వచ్చేయొచ్చు, నిద్రవేళ చెడదు. కారులో వెళ్తే మందపాటి డ్రెస్ మీద కార్ సీట్ బెల్టు బిగించొద్దు. బిగువుగానే ఉందనిపిస్తుంది కానీ గుద్దుకున్నప్పుడు లోపలి దూది అణిగి పట్టీ వదులైపోతుంది. వన్సీ వేషానికి ఆ బాధ లేదు, చలికి దుప్పటి బెల్టు మీదుగా కప్పండి. బేబీ క్యారియర్లో (పాపను ఛాతీకి కట్టుకునే సంచి) పెట్టుకుంటే అలంకారం క్యారియర్ బయట కుట్టండి, పాపకు ఒక పొర బట్ట తగ్గించండి, గడ్డం ఛాతీకి ఆనకుండా, ముఖం కనబడేలా ఉంచండి.

పాప బుట్టలో పడ్డ క్యాండీ పెద్దవాళ్లదే. తేనె ఉన్నదేదీ ఏడాది లోపు నాలుకకు కూడా రాయొద్దు. ఇంటికి రాగానే వేషం, టోపీ తీసేసి మామూలు బట్టల్లో పడుకోబెట్టండి. పాప పడుకున్నాక పోర్చ్ లైట్ ఆపేస్తే ఈ ఇంట్లో క్యాండీ లేదని పిల్లలకు అర్థమవుతుంది. లైటు ఉంచాలనుకుంటే క్యాండీ గిన్నెను గుమ్మం బయట పెట్టి, ‘పాప నిద్రపోతోంది, బెల్ కొట్టొద్దు, తలా రెండు తీసుకోండి’ అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి బెల్ మీదే అంటించండి. గిన్నె పక్కన అంటిస్తే చదవకముందే బెల్ నొక్కేస్తారు.