మెమోలో తప్పు పడిందా, మన లెక్కలో తప్పు పడిందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు జీపీఏ (సెమిస్టర్‌లో వచ్చిన గ్రేడ్ పాయింట్ల సగటు) గురించే ఉన్నాయి. రిజల్ట్స్ వచ్చిన రోజుల్లో టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మొదటి సెమిస్టర్‌లో నాకు లెక్కల్లో 6, ఫిజిక్స్‌లో 7, ప్రోగ్రామింగ్‌లో 8, ఇంగ్లీషులో 9, ఫిజిక్స్ ల్యాబ్‌లో 9, ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో 10 గ్రేడ్ పాయింట్లు వచ్చాయి. అన్నీ కూడి ఆరుతో భాగిస్తే 8.17 వస్తోంది, మెమోలో మాత్రం 7.53 అని ఉంది. ఇంత తేడా ఎలా వస్తుంది? ఫిర్యాదు చేయమంటారా? క్రెడిట్లు వరుసగా 4, 4, 3, 2, 1, 1.

జవాబు: ఫిర్యాదు వద్దు, మెమో సరిగ్గానే ఉంది. మీ ఉత్తరంలో చివరి వాక్యంగా రాసిన ఆ క్రెడిట్లనే, అంటే ఒక్కో సబ్జెక్టుకి ఇచ్చిన బరువునే, మీరు లెక్కలోకి తీసుకోలేదు. జీపీఏ అంటే సబ్జెక్టుల సగటు కాదు, క్రెడిట్ల మీద వేసే సగటు. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో వచ్చిన గ్రేడ్‌ని నాలుగుసార్లు, ఒక్క క్రెడిట్ ల్యాబ్‌లో వచ్చిన గ్రేడ్‌ని ఒక్కసారి రాసుకుని సగటు తీసినట్టు అనుకోండి, సులువుగా అర్థమవుతుంది. ఇప్పుడు గ్రేడ్ పాయింటుని క్రెడిట్లతో గుణించండి. లెక్కలకు 24, ఫిజిక్స్‌కు 28, ప్రోగ్రామింగ్‌కు 24, ఇంగ్లీషుకు 18, ల్యాబులకు 9, 10 వస్తాయి. మొత్తం 113. క్రెడిట్లు మొత్తం 15. 113ని 15తో భాగిస్తే 7.53, మెమోలో ఉన్నది అదే.

మీ 8.17 ఎలా వచ్చిందో కూడా చూడండి. మంచి గ్రేడ్లు వచ్చిన రెండు ల్యాబులకూ కలిపి ఉన్నది రెండే క్రెడిట్లు, తక్కువ వచ్చిన లెక్కలకు ఒక్కదానికే నాలుగు. మీరు ఆరింటినీ సమానంగా చూసేసరికి ల్యాబులు సగటుని పైకి లాగాయి. ఇదే లెక్కను వచ్చే సెమిస్టర్‌కి తిప్పి వాడుకోండి. 15 క్రెడిట్ల సెమిస్టర్‌లో నాలుగు క్రెడిట్ల పేపర్‌లో ఒక్క మెట్టు పైకి వెళ్తే జీపీఏ 0.27 పెరుగుతుంది, ఒక్క క్రెడిట్ ల్యాబ్‌లో ఒక మెట్టు పెరిగితే 0.07 మాత్రమే. ల్యాబుల్ని నిర్లక్ష్యం చేయమని అనడం లేదు, పరీక్షల ముందు రోజుల్ని ఎలా పంచుకోవాలో మాత్రం ఈ అంకెలు చెప్తాయి. అందుకే సెమిస్టర్ మొదట్లోనే సిలబస్ కాగితం మీద క్రెడిట్ల వరుస చూడమని నా దగ్గర చదువుకునే పిల్లలందరికీ చెప్తుంటాను, చాలామంది రిజల్ట్స్ వచ్చాక గానీ చూడరు.

ప్రశ్న: నాలుగు సెమిస్టర్లు అయ్యాయి, సీజీపీఏ (అన్ని సెమిస్టర్లకూ కలిపి వేసే జీపీఏ) 6.4. మొత్తం 160 క్రెడిట్లలో 84 అయిపోయాయి. చివరికి 8 చేయాలని పట్టుదలగా ఉన్నాను, సాధ్యమేనా? స్నేహితులు ఒక్క సెమిస్టర్ గట్టిగా చదివితే చాలంటున్నారు.

జవాబు: పట్టుదల మెచ్చుకోదగ్గదే, కానీ దానికి లక్ష్యం సరైనది ఎంచుకోవాలి, లేకపోతే రెండు సెమిస్టర్లు కష్టపడి మూడోదానికి నీరసపడిపోతారు. ఇప్పటిదాకా మీ ఖాతాలో ఉన్నవి 84ని 6.4తో గుణిస్తే 537.6 పాయింట్లు. చివరికి 8 కావాలంటే 160 క్రెడిట్లకు 1280 ఉండాలి. ఇంకా రావలసినవి 742.4, వాటిని మిగిలిన 76 క్రెడిట్లలో తెచ్చుకోవాలి. అంటే ప్రతి సబ్జెక్టులో సగటున 9.77. దాదాపు అన్నిట్లోనూ 10కి 10 రావాలన్నమాట. అది అవుతుందని నేను మీకు చెప్పలేను.

అదే 7.5 అనుకుంటే మిగిలిన సెమిస్టర్లలో 8.72 సగటు కావాలి, చాలా కష్టం కానీ అసాధ్యం కాదు. 7 అనుకుంటే 7.66 చాలు, అది మీ చేతిలో ఉన్న పని. నన్నడిగితే 7ని ఖాయం చేసుకుని 7.5 వైపు చూడమంటాను.

ఒక్క సెమిస్టర్ చాలనే మాట మొదటి ఏడాదిలో కొంత నిజం, తర్వాత కాదు. మీరు వచ్చే సెమిస్టర్‌లో 19 క్రెడిట్లు తీసుకుని అన్నిటికీ కలిపి ఏకంగా 9 సగటు తెచ్చుకున్నా సీజీపీఏ 6.88 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే వెనక 84 క్రెడిట్ల బరువు ఉంది. అప్పుడు 'ఇంత చదివితే ఇంతేనా' అని దిగులు పడకండి, ఒక్క సెమిస్టర్‌లో దాదాపు అర పాయింటు కదిలించడం చాలా పెద్ద విషయం. బాగా వచ్చినవాళ్లకి ఇదే బరువు అండగా నిలుస్తుంది, చివరి ఏడాదిలో ఒక పేపర్ చెడినా వాళ్ల సీజీపీఏ పెద్దగా పడదు.

ఇంకో జాగ్రత్త. సీజీపీఏ అంటే సెమిస్టర్ల జీపీఏలు కూడి భాగించడం కాదు. 24 క్రెడిట్ల సెమిస్టర్‌లో 6, 16 క్రెడిట్ల సెమిస్టర్‌లో 8 వస్తే సగటు 7 అనిపిస్తుంది, నిజానికి 6.8. క్రెడిట్లు సమానంగా ఉన్నప్పుడే ఆ దగ్గరిదారి పనికొస్తుంది.

ప్రశ్న: లెక్కల పేపర్ తప్పాను. సప్లిమెంటరీలో పాసైతే పాత సున్నా పోతుందా, శాశ్వతంగా ఉండిపోతుందా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: ముందు ఇంట్లో చెప్పండి. ఒక్క పేపర్ తప్పడం దాచుకోవాల్సినంత పెద్ద విషయం కాదు, దాచిపెట్టుకుని చదవడం మాత్రం చాలా కష్టం.

ఇక లెక్క. ఎఫ్ గ్రేడ్ వస్తే పాయింట్లు సున్నా, కానీ చాలాచోట్ల ఆ సబ్జెక్టు క్రెడిట్లు మాత్రం భాగహారంలో ఉండిపోతాయి, దెబ్బంతా అక్కడే తగులుతుంది. మొదటి ఉత్తరంలోని అంకెలే తీసుకుందాం. అక్కడ లెక్కల్లో 6 బదులు ఎఫ్ వచ్చి ఉంటే 113 కాస్తా 89 అయి, 15తో భాగిస్తే 5.93కి పడిపోయేది. తర్వాత అదే పేపర్‌లో 7 తెచ్చుకున్నారనుకోండి. పాత గ్రేడ్ తీసేసి కొత్తది వేసే యూనివర్సిటీ అయితే 117ని 15తో భాగిస్తారు, 7.8 వస్తుంది. రెండు ప్రయత్నాలనూ లెక్కపెట్టే యూనివర్సిటీ అయితే క్రెడిట్లు 19 అవుతాయి, 117ని 19తో భాగిస్తే 6.16. విద్యార్థి అతనే, మార్కులూ అవే, నిబంధన మారితే ఫలితం ఇంతగా మారుతుంది. మూడో రకం కూడా ఉంది, పేపర్ క్లియర్ అయ్యేదాకా ఆ సెమిస్టర్‌కి జీపీఏ వేయనే వేయరు. మీ దగ్గర ఏది అమల్లో ఉందో సీనియర్లని కాదు, అకడమిక్ రెగ్యులేషన్స్ పుస్తకాన్ని అడగండి, ఎందుకంటే బ్యాచ్ మారితే నిబంధనలూ మారుతుంటాయి, సీనియర్లు చెప్పేది వాళ్ల బ్యాచ్ సంగతి.

పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే ఇచ్చే కోర్సులు, క్రెడిట్లు లేకుండా చదివే ఆడిట్ కోర్సులు మామూలుగా జీపీఏలోకి రావు. గడువు లోపల వదులుకున్న కోర్సుకి పడే డబ్ల్యూ కూడా చాలాచోట్ల అంతే.

ప్రశ్న: మా అమ్మాయికి 8.2 వచ్చింది. వేరే యూనివర్సిటీలో చదివే మా బంధువుల అబ్బాయికి 9 వచ్చిందట. మా అమ్మాయి వెనకబడినట్టేనా? 8.2 అంటే 82 శాతమే కదా? పై చదువులకి విదేశాలకు పంపాలని ఉంది.

జవాబు: అమ్మా, ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడకండి, మీ అమ్మాయి వినేటట్టు అసలే పోల్చకండి. కొన్నిచోట్ల ఇన్ని మార్కులకి ఈ గ్రేడ్ అని ముందే గీత గీసి ఉంటుంది. కొన్నిచోట్ల తరగతి మొత్తం ఎలా రాసిందో చూసి, సగటుకి ఎంత పైన ఉంటే ఏ గ్రేడో నిర్ణయిస్తారు. మొదటి పద్ధతిలో తేలిక పేపర్ వస్తే అందరికీ 9లు రావచ్చు, రెండో పద్ధతిలో 65 మార్కులకే పై గ్రేడ్ రావచ్చు.

8.2 అంటే 82 శాతం అని అనుకోవడానికీ లేదు. ఉదాహరణకు 70 నుంచి 79 దాకా ఒకే గ్రేడ్, 8 పాయింట్లు అనుకుంటే, 70 వచ్చినా 79 వచ్చినా పడేది 8. ఒకసారి గ్రేడ్‌గా మారాక అసలు మార్కు వెనక్కి రాదు. అందుకే శాతంలోకి మార్చే సూత్రాన్ని ప్రతి యూనివర్సిటీ తనకు తాను పెట్టుకుంటుంది, మామూలుగా మెమో వెనక గానీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద గానీ అచ్చువేసి ఉంటుంది. ఎక్కడ శాతం అడిగినా అదే వాడండి.

విదేశాల సంగతికొస్తే, అమెరికాలో ఎక్కువగా 4 పాయింట్ల స్కేల్ నడుస్తుంది. ఏ కి 4, బీ కి 3, మధ్యలో ఏ మైనస్‌కి 3.7, బీ ప్లస్‌కి 3.3 అని వేస్తారు. చాలామంది 10 స్కేల్‌ని 2.5తో భాగించి 8.2 అంటే 3.28 అని రాసేస్తుంటారు. అలా చేయకండి. అక్కడి యూనివర్సిటీ గానీ, అది చెప్పిన మూల్యాంకన సంస్థ గానీ ఒక్కో కోర్సు గ్రేడ్ చూసి మార్చుకోవచ్చు, ఫలితం వేరేగా రావచ్చు. మార్చమని వాళ్లు అడగకపోతే 8.2, 10కి అని ఉన్నదున్నట్టు రాయడమే మంచిది.

జర్మనీ అయితే లెక్క తలకిందులుగా ఉంటుంది, అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 పాస్ గీత. గరిష్ఠ గ్రేడ్‌లోంచి మనకు వచ్చినది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడ్‌కీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపుతారు. మీ అమ్మాయి చదివేచోట గరిష్ఠం 10, పాస్ 4 అయితే, 1.8ని 6తో భాగిస్తే 0.3, మూడుతో గుణిస్తే 0.9, ఒకటి కలిపితే 1.9. ఆ అంకె చూసి కంగారు పడకండి, అక్కడ 1.9 మంచి గ్రేడ్ కిందే లెక్క.

ప్రశ్న: నా సీజీపీఏ 7.49. రెజ్యూమెలో 7.5 అని రాయొచ్చా?

జవాబు: వద్దు. సర్టిఫికెట్లు చూసే రోజు మెమో మీదున్న అంకెతోనే పోల్చుతారు, 7.5 కటాఫ్ ఉన్నచోట ఆ 0.01 మీ నిజాయితీ మీద ప్రశ్నగా మారుతుంది. 7.49/10 అని రాయండి. చివరి రెండు సెమిస్టర్ల జీపీఏ దీనికంటే బాగుంటే దాన్ని కింద విడిగా మరో వరుసలో రాసుకోండి.