గోజోలో డైవింగ్‌కి ఏప్రిల్ వద్దు, అక్టోబర్‌లో వెళ్ళు

చిట్టితల్లీ,

ఈస్టర్ సెలవులకి మ్యూనిక్ నుంచి మాల్టా వెళ్ళి, అక్కడి గోజో దీవిలో డైవింగ్ చేస్తానని రాశావు. చాలా సంతోషమేసింది. తప్పకుండా వెళ్ళు. కానీ ఏప్రిల్‌లో వద్దు, అక్టోబర్‌కి మార్చుకో.

ఏప్రిల్‌లో అక్కడ నేల మీద ఎంతో హాయిగా ఉంటుంది. ఎండ ముదరదు, గట్ల నిండా పూలు. నీళ్ళకి మాత్రం ఇంకా చలికాలం వదలదు. సముద్రం నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది కదా, ఫిబ్రవరి, మార్చి నెలల్లో 15 డిగ్రీలకి దిగిన నీరు ఏప్రిల్‌కి మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది. నువ్వు నేర్చుకున్నది అండమాన్‌లో, 28 డిగ్రీల నీళ్ళలో, పల్చటి సూట్‌తో. ఇక్కడ 7 మిల్లీమీటర్ల సూట్, హుడ్, గ్లవ్స్ అన్నీ వేసుకున్నా కాసేపటికి వేళ్ళు చెప్పిన మాట వినవు. చలికి ఊపిరి వేగం పెరిగి సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది.

అక్టోబర్‌లో అదే నీరు 23, 24 డిగ్రీలుంటుంది, 5 మిల్లీమీటర్ల సూట్ సరిపోతుంది. ఆగస్టులో ఇంకా వెచ్చగా ఉంటుందిగా అంటావేమో. ఆ వెచ్చదనం పైపైనే. కింద ఒకచోట చల్లటి నీటి పొర ఒక్కసారిగా తగులుతుంది. అక్టోబర్ వచ్చేసరికి ఆ పొర బాగా లోతుకి దిగిపోతుంది. ఆగస్టు జనసందోహం గురించి చెప్పక్కర్లేదు. గోజోకి ఫెర్రీ ఎక్కే చిర్కెవ్వా రేవులో కార్ల వరస చూస్తేనే నీరసం వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నెల నువ్వు ఎంచుకోవచ్చు, ఏ రోజు ఎక్కడ దిగాలో మాత్రం గాలే చెప్పాలి. అక్కడ ఎక్కువగా వీచేది వాయవ్యపు గాలి, వాళ్ళు మయిస్త్రాల్ అంటారు. గోజో పడమటి ఒడ్డున ఉన్న ద్వేరాని అది నేరుగా కొడుతుంది. నీ మనసంతా అక్కడి బ్లూ హోల్ అనే రాతి బావి మీదే ఉందని నాకు తెలుసు. గాలి వాయవ్యంగా ఉన్న రోజు దాని ఊసెత్తకు. దక్షిణం వైపు మ్జార్ ఇష్-షీని ఇరుకు వాగులాంటి ఖాతం, ఆ రోజు అక్కడ నీరు నిమ్మళంగా ఉంటుంది. అదే దక్షిణపు గాలో, ష్లొక్ అనే ఆగ్నేయపు గాలో వస్తే లెక్క తిరగబడుతుంది, ఉత్తరపు ఒడ్డుకి వెళ్ళాలి. ఈశాన్యపు గ్రిగాల్ వస్తే ఉత్తరమూ వద్దు, మాల్టా రాజధాని వల్లెట్టా దగ్గర రేవులో 1942లో బాంబులకు మునిగిన మావోరి ఓడ దగ్గరికీ వద్దు. ఆ రేవు నోరు ఈశాన్యానికే తెరుచుకుని ఉంటుంది. మిగతా రోజుల్లో మాత్రం మావోరి నీకు చక్కగా సరిపోతుంది, 14 మీటర్ల లోతులోనే ఉంది. ఉమ్ ఎల్ ఫరూద్, పీ 29 అనే మునిగిన ఓడల అడుగు 30 మీటర్లు దాటుతుంది. నీ సర్టిఫికెట్ 18 మీటర్లకే కాబట్టి వాటిని అడ్వాన్స్‌డ్ కోర్సు అయ్యాక చూద్దువు.

గాలి తగ్గింది కదా అని మర్నాడే ద్వేరాకి పరుగెత్తకు. గాలి పడిపోయాక కూడా కెరటాల ఊపు ఒక పూట, ఒక్కోసారి రోజంతా ఉంటుంది. బ్లూ హోల్‌కి చేరాలంటే బరువంతా వీపున మోసుకుంటూ పదునైన రాళ్ళ మీద నడవాలి. అండమాన్‌లోలాగా పడవ మీంచి వెనక్కి పడిపోవడం కాదు. రాళ్ళ అంచున నిలబడి, సూట్ జిప్ ఇంకా వేసుకోకముందే, పది నిమిషాలు నీళ్ళనే చూడు. నువ్వు బయటికి రావాల్సిన రాతిమెట్టునే చూడు. నీరు దాని మీదికి మెల్లగా ఎక్కి దిగుతుంటే సరే. ఉండుండి ఒక పెద్ద కెరటం వచ్చి మెట్టును ముంచేసి, తిరిగిపోతూ నాచు పట్టిన రాయి కిందిదాకా బయటపడితే ఆ రోజుకి దిగొద్దు. దిగడం ఎవరైనా దిగుతారు, ఒళ్ళు అలిసిపోయి సిలిండర్‌తో పైకెక్కడమే కష్టం. గైడ్ పరవాలేదన్నా నీకు మనసొప్పకపోతే వద్దని చెప్పెయ్. మంచి గైడ్ ఎవరూ దానికి ఏమీ అనుకోరు.

సముద్రం బాగున్న రోజు బ్లూ హోల్‌ని మించింది లేదు. రాతి బావిలోకి దిగి, ఎనిమిది మీటర్ల దగ్గర ఉన్న వంపు కింద నుంచి బయటి నీలంలోకి వెళ్తావు. దాని పక్కనే ఉండే అజూర్ విండో అనే రాతి కమాను 2017 మార్చి 8న తుఫానులో కూలిపోయింది, ఆ బండలిప్పుడు నీటి అడుగున ఉన్నాయి. నీళ్ళల్లో 30 మీటర్ల దూరం కనిపిస్తుంది. ఆ సముద్రంలో పోషకాలు తక్కువ, అందుకే పాచి తక్కువ, అందుకే అంత తేట. అండమాన్ పగడాలు, రంగురంగుల చేపల గుంపులు ఆశించకు, ఇక్కడి అందమంతా రాతిలో, వెలుగులో ఉంది. ఆ తేటదనంతోనే జాగ్రత్తగా ఉండాలి. అడుగు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తే తెలియకుండానే 25 మీటర్లకి పోతావు. లోతు చూపించే డైవ్ కంప్యూటర్ మీద చూపు ఉంచు. ద్వేరాలోనే ఇన్‌లాండ్ సీ అనే మడుగు నుంచి సముద్రంలోకి పోయే సొరంగం ఈసారికి వద్దు, పైన పడవలు తిరుగుతుంటాయి, మధ్యలో పైకి తేలే వీలుండదు.

మునగడానికి నడుముకి కట్టుకునే బరువుల సంగతి ఒకటి. మధ్యధరా నీటిలో లీటరుకి 38 గ్రాముల దాకా ఉప్పుంటుంది, అండమాన్ కంటే బాగా ఎక్కువ. సూట్ కూడా మందం. అందుకని అండమాన్ లెక్కతో బెల్టు కట్టుకుంటే మునగవు. కాకపోతే గోజోలో ఎక్కువగా ఉక్కు సిలిండర్లు ఇస్తారు, వాటి బరువు కొంత కలిసొస్తుంది. మొదటి డైవ్‌కి ముందు గైడ్‌నడిగి లోతులేని చోట సరిచూసుకో. సిగ్గుపడకు.

ఊదారంగు జెల్లీఫిష్ కుడితే మంచినీళ్ళు పోయకు, సముద్రపు నీళ్ళతోనే కడుగు. నీకు చిన్నప్పటి నుంచీ సైనస్ ఉంది. జలుబుంటే మందు వేసుకుని దిగొద్దు, కింద ఉండగా మందు పవర్ తగ్గితే పైకి వచ్చేటప్పుడు నొప్పి భరించలేవు. ఆరోగ్యం గురించి అడిగే ఫారంలో నిజమే రాయి, డాక్టర్ సంతకం కావాలంటే జర్మనీలోనే చేయించుకుని వెళ్ళు. డైవింగ్ ప్రమాదాలకి వర్తించే బీమా విడిగా తీసుకో.

టికెట్ బుక్ చేసేటప్పుడు ఆఖరి డైవ్‌కి, విమానానికి మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ఇంకాస్త ఎక్కువైనా మంచిదే. శనివారం మధ్యాహ్నానికి డైవింగ్ ఆపేసి, ఆదివారం సాయంత్రం విమానం చూసుకో. అక్టోబర్‌లో ఏ వారం సెలవు దొరుకుతుందో చెప్పు, ద్వేరాకి దగ్గరలో బస ఎక్కడ బాగుంటుందో రాస్తాను.

మీ అత్త